యాక్సిడెంట్ అయిన మోడిఫైడ్ కారు అమ్మాలంటే: ఒడిశా సరిహద్దు తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

నాది బరంపురం. విశాఖలో కొన్న పోలో జీటీ టీఎస్‌ఐ మీద నాలుగేళ్లపాటు జీతంలో మిగిలిందంతా పోశాను. ఒక వానాకాలం సాయంత్రం సాలూరు నుంచి పైకి వస్తుంటే సుంకి ఘాట్ మలుపులో జారి కొండవైపు కాలువలో పడింది. మనుషులకు ఏమీ కాలేదు. బండి ముందు భాగం మాత్రం మిగల్లేదు. దాన్ని వదిలించుకోవడానికి నాకు ఏడు నెలలు పట్టింది. అప్పటి నుంచి జయపురం, రాయగడ, గుణుపురం, పర్లాకిమిడిలో తెలిసినవాళ్లలో ఎవరి కారు దెబ్బతిన్నా ఫోను నాకే వస్తోంది. అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. అందుకే ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## గుద్దిన మొదటి రోజులు

ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చేలోపు మోడ్లు (మనం మార్చి వేసుకున్న పార్టులు) విప్పేసి స్టాక్ (కంపెనీ ఇచ్చిన) పార్టులు పెట్టేయనా?

వద్దు. అందరికీ ముందు వచ్చే ఆలోచన ఇదే, అన్నిటికంటే ప్రమాదకరమైనదీ ఇదే. మార్చిన ఎగ్జాస్టో, కాయిలోవర్లో (బండి ఎత్తు తగ్గించే సస్పెన్షన్) ఉన్నాయని చెబితే సర్వేయర్ వాటి డబ్బు ఇవ్వడు, మహా అయితే క్లెయిమ్ మీద పేచీ పెడతాడు. విప్పేసి దాచారని తెలిస్తే మాత్రం ఆ పేచీ మోసం కేసుగా మారుతుంది. కొత్తగా బిగించిన బోల్టు మీద స్పానర్ గీత చూసి చెప్పగలిగే సర్వేయర్లు ఉన్నారు. పాలసీ తీసుకున్నప్పుడు రాయించని పార్టుకు డబ్బు రాదని ముందే అనుకోండి. ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగ్ లాంటివాటికి మామూలు పాలసీలో సగం తరుగు పోతుంది. జీరో డిప్రిసియేషన్ ఉంటే ఆ కోత చాలావాటికి ఉండదు. సర్వే అయ్యేదాకా బండిని కదపకుండా, అన్ని వైపుల నుంచీ తేదీ పడేలా ఫోటోలు తీసి పెట్టుకోండి. వీటి అవసరం అమ్మేటప్పుడు కూడా పడుతుంది.

నేను బండి మీద ఎనిమిది లక్షలు పెట్టాను, టోటల్ లాస్ అని నాలుగే ఇస్తామంటున్నారు. ఇదేం లెక్క?

వాళ్లు చూసేది ఐడీవీ, అంటే పాలసీలో రాసి ఉన్న బండి విలువ. మీ టర్బో బిల్లులు వాళ్ల లెక్కలోకి రావు. ఐడీవీ ఏటా తగ్గుతుంది. ఏడాది దాటిన బండికి 20 శాతం తరుగు, రెండేళ్లు దాటితే 30, మూడు దాటితే 40, నాలుగు దాటి అయిదో ఏడు నడుస్తుంటే 50 శాతం. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద తీస్తారు. మన బండ్లు ఈ గీత త్వరగా దాటతాయి, ఎందుకంటే విడిభాగాలు ఖరీదు, ఐడీవీ తక్కువ. పాలసీ రెన్యువల్ చేసినప్పుడు ప్రీమియం తగ్గుతుందని ఐడీవీ తగ్గించి రాయించుకున్నవాళ్లు అసలు బాధపడేది ఇక్కడే. నేనూ వాళ్లలో ఒకణ్ని.

టోటల్ లాస్ డబ్బు తీసుకుని బండి కూడా నేనే ఉంచుకోవచ్చా?

కొన్ని కంపెనీలు ఒప్పుకుంటాయి. పాడైన బండికి వేలంలో వచ్చే ధర కట్టి, దాన్ని మీ క్లెయిమ్‌లోంచి తీసేసి, మిగిలింది ఇస్తారు. బండి మీ దగ్గరే ఉంటుంది. ఖరీదైన పార్టులు దెబ్బ తినకుండా ఉంటే ఇది లాభం. ఆర్‌సీ సంగతి మాత్రం రాతపూర్వకంగా తేల్చుకోండి: రద్దు చేయించాలా, మీ పేరునే ఉంటుందా? బండి ఇక రోడ్డెక్కదు అనుకుంటే మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ కింద 14 రోజుల్లో ఆర్‌టీఓకి తెలియజేసి రిజిస్ట్రేషన్ రద్దు చేయించాలి. తుక్కు బండిని ఆర్‌సీతో సహా కొంటామని మంచి ధర చెప్పేవాళ్లతో జాగ్రత్త. అదే మోడల్ దొంగ కారు మీద మీ చాసిస్ నంబరు కొట్టి తిప్పే ముఠాలకు కావలసింది మీ ఇనుము కాదు, మీ కాగితం.

పోలీసు కేసు ఉంది. బండి జిమ్మా మీద విడిపించాను. అమ్మేయొచ్చా?

కోర్టు అనుమతి లేకుండా కుదరదు. జిమ్మా మీద ఇచ్చారంటే, పిలిచినప్పుడు బండిని చూపిస్తానని, రూపం మార్చనని, అమ్మనని మీరు బాండు రాసిచ్చారన్నమాట. సాధారణంగా షరతులు అవే ఉంటాయి. ఆర్డరు కాపీ తీసి మీ షరతులు ఒకసారి చదవండి. అమ్మకం తప్పదనుకుంటే అదే కోర్టులో పిటిషన్ వేయించాలి. ఫోటోలు, పంచనామా తీసుకుని అనుమతించే అవకాశం ఉంది. ఎవరికైనా గాయాలై నష్టపరిహారం కేసు నడుస్తుంటే, ప్రమాదం రోజున ఆర్‌సీలో ఉన్న యజమాని మీరే కాబట్టి బండి అమ్మినా ఆ బాధ్యత మీతోనే ఉంటుంది.

## రిపేరా, ఉన్నదున్నట్టు అమ్మకమా

రిపేరు చేయించి అమ్మితే ఎక్కువ వస్తుంది కదా?

లెక్క వేసి చూడండి. దెబ్బ తగలకముందు మీ కారు అయిదు లక్షలు పలికేది అనుకుందాం. ఉన్నదున్నట్టు అమ్మితే రెండు. టింకరింగ్, పెయింటింగ్, పార్టులు కలిపి రెండు లక్షలు పెట్టి బాగుచేశారు. యాక్సిడెంట్ బండి కాబట్టి ఇప్పుడది నాలుగు దగ్గర ఆగుతుంది. నాలుగులోంచి పెట్టిన రెండు పోతే మిగిలింది రెండే. ఈలోపు షెడ్డు చుట్టూ నాలుగు నెలలు తిరిగారు.

బంపర్, బానెట్, హెడ్‌లైట్, రేడియేటర్ దాకా ఆగిన దెబ్బ అయితే చేయించండి, డబ్బు తిరిగి వస్తుంది. అప్రాన్, పిల్లర్, చాసిస్ రైలు (బండికి ఎముకల గూడు లాంటి భాగాలు) దాకా వెళ్లిందంటే చేయించకండి. అలాంటి బండిని కొనే తెలిసినవాడు వెల్డింగ్ తన కళ్ల ముందు జరగాలనుకుంటాడు. మీరు రంగు పూసి ఇస్తే దాని కింద ఏముందోనని ఇంకా తగ్గించి అడుగుతాడు.

చాసిస్‌కి దెబ్బ తగిలిందో లేదో ఎలా తెలుస్తుంది?

నాలుగు తలుపులూ, డిక్కీ, బానెట్ మూసి వాటి మధ్య సందులు చూడండి. ఒకవైపు వేలు పట్టి, రెండోవైపు గోరు కూడా పట్టకపోతే అనుమానించాలి. బానెట్ ఎత్తి లోపలి అంచుల్లో కంపెనీ స్పాట్ వెల్డ్ చుక్కలు వరుసగా ఉన్నాయా, సీలెంట్ మెత్తగా కొత్తగా ఉందా చూడండి. తర్వాత కంప్యూటర్ అలైన్‌మెంట్ చేయించి ప్రింటు తీసుకోండి. ఎడమ, కుడి క్యాంబర్‌లో (చక్రం నిలువుగా కాకుండా వాలిన కోణం) పెద్ద తేడా ఉండి, సర్దినా సర్దుకోకపోతే చక్రాన్ని పట్టి ఉంచే నకుల్ గానీ, కింది సబ్‌ఫ్రేమ్ గానీ వంగి ఉండొచ్చు.

మోడిఫైడ్ బండికి ఇక్కడ ఒక చిక్కుంది. కాయిలోవర్లతో కిందికి దించిన బండిలో క్యాంబర్ ఎలాగూ కంపెనీ అంకెల్లో ఉండదు. ఆ ప్రింటు చూపిస్తే కొనేవాడు చాసిస్ వంగిందనుకుంటాడు, నిజంగా వంగితే మీరు కాయిలోవర్ల మీదికి నెట్టేస్తారు. స్టాక్ సస్పెన్షన్ బిగించి అలైన్‌మెంట్ చేయిస్తే ఆ తగువు ఉండదు. ఈ ఒక్క కాగితం నాకు ధరలో బాగా కలిసొచ్చింది.

ఇంజిన్ స్టార్ట్ అవుతోంది. వీడియో కోసం ఒకసారి రెండు కిలోమీటర్లు నడపనా?

నడపకండి. ముందు దెబ్బలో మొదట పోయేవి ఇంటర్‌కూలర్, రేడియేటర్, వాటి పైపులు. కూలెంట్ లేకుండా టర్బో ఇంజిన్ రెండు నిమిషాలు తిరిగినా హెడ్ వంగే ప్రమాదం ఉంది. చిరిగిన ఇంటేక్ పైపులోంచి ఒక ప్లాస్టిక్ ముక్క టర్బో రెక్కల్లోకి వెళ్లిందంటే అదో ఖర్చు. కొనేవాడికి నమ్మకం కావాలంటే మెకానిక్ చేత కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్లలో ఒత్తిడి కొలవడం) చేయించి అంకెలు చూపించండి. అది స్టార్ట్ చేసిన వీడియో కంటే నయం.

ఎయిర్‌బ్యాగులు పేలాయి. డ్యాష్‌బోర్డులో లైటు ఆపేసి అమ్మేయమంటున్నారు

ఆ మాట చెప్పిన షెడ్డుకి మళ్లీ వెళ్లకండి. ఎయిర్‌బ్యాగ్ చోట చిన్న రెసిస్టర్ పెడితే కంప్యూటర్ మోసపోయి లైటు ఆపేస్తుంది. రేపు కొన్నవాడి పిల్లలు ముందు సీట్లో కూర్చుంటారు. కొత్తవి వేయించే స్తోమత లేకపోతే వేయించకుండానే అమ్మండి. లైటు వెలుగుతూనే ఉండనివ్వండి, ‘ఎయిర్‌బ్యాగులు లేవు, సీటు బెల్టు ప్రిటెన్షనర్లు కూడా పేలాయి’ అని రాసివ్వండి. దానికి ధర తగ్గుతుంది. తగ్గాలి కూడా.

## మోడ్లు విప్పడం

మోడ్లతో కలిపి అమ్మితే మంచిదా, విప్పి వేరేగా అమ్మాలా?

యాక్సిడెంట్ అయిన బండి విషయంలో నా జవాబు ఒకటే: విప్పండి. దెబ్బ తినని మోడిఫైడ్ కారును అదే పిచ్చి ఉన్నవాడు మోడ్లతో సహా ముద్దుగా కొనుక్కుంటాడు. దెబ్బ తిన్నదాన్ని కొనేవాడు ముందు రిపేరు ఖర్చు చూసుకుంటాడు. అతనికి మీ బ్రేక్ కిట్ విలువ సున్నా.

ఇంటేక్, బ్లో ఆఫ్ వాల్వ్, వెనకవైపు ఎగ్జాస్ట్, గేజ్‌లు, బకెట్ సీట్లు, స్ట్రట్ బార్ లాంటివి మొదట విప్పాలి. వీటికి విశాఖ, హైదరాబాద్, బెంగళూరుల్లో ఎప్పుడూ గిరాకీ ఉంటుంది, పార్సెల్‌లో పంపొచ్చు. బిల్లు, పెట్టె దాచి ఉంటే ఇంకో మాట ఎక్కువ పలుకుతుంది. కాయిలోవర్లు, బ్రేకులు దెబ్బ తగిలిన చక్రానివి అయితే జతగా అమ్మకండి, తగలనివైపు మాత్రమే బాగుందని చెప్పి అమ్మండి. బాడీకిట్, వైడ్ ఫెండర్లు, ఊడిన స్పాయిలర్ దగ్గర టైము వృథా చేసుకోవద్దు. ఫైబర్ ముక్కను రాయగడ నుంచి ట్రాన్స్‌పోర్టులో వేస్తే దిగేసరికి రెండు ముక్కలవుతుంది. నాకు అయింది.

విప్పకూడనివి కూడా ఉన్నాయి. పెద్ద టర్బో, ఫోర్జ్డ్ పిస్టన్లు, క్లచ్ కిట్ లాంటివి తీయాలంటే ఇంజిన్ దించాలి. ఆ లేబరు పోను మిగిలేది తక్కువ. ఇంజిన్ దించిన బండి ఇక ‘బండి’ కాదు, తుక్కు వ్యాపారి లెక్కలోకి పోతుంది. వాటిని అలాగే ఉంచి, ట్రాక్ మీద నడిపేవాళ్లకు చూపించండి.

స్టాక్ పార్టులు ఎప్పుడో తుక్కుకి వేసేశాను. ఇప్పుడెలా?

మీలా మోడిఫై చేసుకున్నవాళ్ల ఇళ్లలోనే దొరుకుతాయి. అటకమీద స్టాక్ ఎగ్జాస్టు, స్ప్రింగులు పెట్టుకున్న కుర్రాడు ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. వాళ్లమ్మగారు వాటిని ఎప్పుడు పారేద్దామా అని చూస్తుంటారు. మొదట వెతకాల్సింది కాటలిటిక్ కన్వర్టర్ ఉన్న డౌన్‌పైప్, సైలెన్సర్, స్ప్రింగులు. పోలో అయితే కంపెనీ 2022లో ఇక్కడ తయారీ ఆపేసింది, కాబట్టి పాత పార్టు కనబడితే బేరం ఎక్కువ లాగకండి.

రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్‌లో పవర్ పెంచే ఫైలు) తీసేసి స్టాక్ ఫైలు వేస్తే ఎవరికీ తెలియదు కదా?

కంపెనీ షోరూం స్కానర్‌కి తెలిసే అవకాశం ఉంది. చాలా ఈసీయూల్లో (ఇంజిన్ కంప్యూటర్లలో) ఎన్నిసార్లు రాశారన్న లెక్క మిగిలిపోతుంది. స్టాక్ ఫైలు వేయడం మంచిదే, వేయించండి. వేయించినంత మాత్రాన ‘ఎప్పుడూ రీమ్యాప్ కాలేదు’ అని చెప్పకూడదు. ఎందుకంటే అరుగుదల ఫైలుతో పాటు చెరిగిపోదు. పోలో జీటీ టీఎస్‌ఐనే తీసుకోండి. కంపెనీ ఇచ్చింది 105 పీఎస్, 175 న్యూటన్ మీటర్ల టార్క్. అందులోని ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ (ఆటోమేటిక్ గేర్‌బాక్సు) 250 న్యూటన్ మీటర్ల వరకు తట్టుకునేలా చేసింది. స్టేజ్-1 రీమ్యాప్‌తో ఆ హద్దు దగ్గరికి వెళ్లి మూడేళ్లు తిప్పిన గేర్‌బాక్సు, స్టాక్‌గా తిరిగిన గేర్‌బాక్సు ఒకటి కావు. ఎవరు ట్యూన్ చేశారు, ఏ స్టేజ్, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, క్లచ్ ఎప్పుడు మార్చారు... ఈ నాలుగూ రాసిస్తే తెలిసినవాడికి అదే చాలు.

దెబ్బ తిన్న అలాయ్‌లు రిపేరు చేసి అమ్మొచ్చా?

వంగినదాన్ని సరిచేయించి, సరిచేయించామని చెప్పి అమ్మొచ్చు. పగులు ఉంటే మాత్రం వెల్డింగ్ వేయించి అమ్మకండి, అల్యూమినియం ధరకు తుక్కుకి వేసేయండి. గుంతలో పడినప్పుడు ఆ అతుకు ఊడితే చక్రం గాలి ఒక్కసారిగా పోతుంది. మన ఘాట్ రోడ్ల మీద అది ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

మోడిఫైడ్ కారు అమ్మడం నేరమా?

మీ సొంత కారు అమ్మడం నేరం కాదు. మార్చడంలోనే చిక్కు ఉంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీలో ఉన్నదానికి తేడా వచ్చేలా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పుకు 182ఎ కింద యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. డీలరు అలాంటి బండి అమ్మితే శిక్ష ఇంకా పెద్దది, ఏడాది వరకు జైలు లేదా బండికి లక్ష జరిమానా. పాత కార్లు కొని అమ్మే కన్సల్టెన్సీల వాళ్లు మీ బండి చూసి ‘ముందు స్టాక్ చేసి తీసుకురండి’ అనేది అందుకే. శబ్దం, పొగ హద్దు మీరితే 190వ సెక్షన్ వేరేగా ఉంది, 10,000 వరకు జరిమానా. రంగు మార్చినా, ఇంజిన్ మార్చినా ఆర్‌సీలో అది ఎక్కి ఉండాలి. లేకపోతే పేరు మార్పు దగ్గర ఇన్‌స్పెక్టర్ ఆపేస్తాడు.

## ధర, ప్రకటన, కొనేవాళ్లు

మోడ్లకి పెట్టిన డబ్బులో ఎంత వెనక్కి వస్తుంది?

‘కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి’ అన్నది ఈ వ్యాపారం కోసమే పుట్టిందనిపిస్తుంది. ముందు ఒకటి ఒప్పుకోండి: ఫిట్టింగ్ లేబరు, ట్యూనింగ్ ఫీజు, డైనో (పవర్ కొలిచే యంత్రం) ఖర్చు, రంగు, స్టిక్కర్లు... వీటి నుంచి రూపాయి రాదు. వచ్చేది విప్పి చేత్తో పట్టుకోగలిగిన పార్టు మీదే. దాన్ని కూడా కొత్త ధరతో పోల్చకండి, అదే పార్టు సెకండ్ హ్యాండ్‌లో ఎంతకు పోతోందో చూడండి. బండికి ధర కట్టేటప్పుడు మోడ్లు లేని, దెబ్బ తినని అదే మోడల్, అదే ఏడాది బండి ధర నుంచి మొదలుపెట్టండి. అందులోంచి షెడ్డు వాడు రాసిచ్చిన రిపేరు ఎస్టిమేట్ తీయండి, యాక్సిడెంట్ బండి అన్న పేరుకు ఇంకొంత తీయండి. మీ ఎక్సెల్ షీటులో ఉన్న మొత్తం కొనేవాడికి చూపించకండి. నేను చూపించాను, ‘అయ్యో పాపం’ అని టీ తాగి వెళ్లిపోయాడు.

ప్రకటనలో యాక్సిడెంట్ సంగతి మొదటే రాయాలా? రాస్తే ఎవరూ ఫోను చేయరేమో

మొదటి వాక్యంలోనే రాయండి. ఫోన్లు తగ్గుతాయి, నిజమే. తగ్గేవి భువనేశ్వర్ నుంచి మూడు గంటలు బండి తోలుకొచ్చి, చూసి, తిట్టి వెళ్లిపోయే ఫోన్లు. ఏ తేదీన, ఏ వైపు, ఎంత దెబ్బ, ఎయిర్‌బ్యాగులు పేలాయా, ఇన్సూరెన్స్ క్లెయిమ్ అయిందా, ఏయే మోడ్లు ఉన్నాయి, ఏవి విప్పేశారు, ఆర్‌సీ ఏ రాష్ట్రానిది, లోను ఉందా... ఇవన్నీ ఉండాలి. ఫోటోల్లో మంచివైపు నాలుగు, దెబ్బవైపు ఎనిమిది పెట్టండి. మన దగ్గర ప్రకటన తెలుగులో ఒకటి, ఒడియా లేదా ఇంగ్లీషులో ఒకటి వేస్తే రెండువైపులా చేరుతుంది.

అసలు ఇలాంటి బండి కొనేదెవరు?

నాకు తగిలినవాళ్లలో మొదటి రకం అదే మోడల్ ఉన్నవాడు. అతనికి మీ గేర్‌బాక్సో సీట్లో కావాలి, మంచి ధర ఇస్తాడు, కాగితాల గురించి పట్టించుకోడు. మీరే పట్టించుకోవాలి. రెండో రకం సొంత షెడ్డు ఉన్న మెకానిక్. బేరం గట్టిగా ఆడతాడు గానీ మాట మీద నిలబడతాడు. మూడో రకం ట్రాక్ కోసం కొనేవాడు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోటై, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలలో నడపడానికి రోల్ కేజ్ (లోపల ఇనుప చట్రం) వేసుకునేవాళ్లకు రంగు, బంపర్ అక్కర్లేదు, చాసిస్ నిటారుగా ఉంటే చాలు. ఇక నాలుగోవాడు మొదటి వారంలోనే ప్రత్యక్షమయ్యే దలాలు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగే రకం. అతను చెప్పే ధర విని కంగారుపడి ఒప్పుకోకండి. నెల ఆగితే అదే మనిషి పెంచుకుని వస్తాడు.

‘ఈ కారులో ఎవరైనా పోయారా?’ అని అడుగుతున్నారు. ఏం చెప్పను?

నిజం చెప్పండి. చట్టం ఏమంటుందన్నది అటుంచితే, మన ఊళ్లలో ఈ సంగతి దాగదు. పోయి ఉంటే కుటుంబంతో తిరగడానికి కొనేవాళ్లు తప్పుకుంటారు. పార్టుల కోసం కొనేవాళ్లకు ఈ పట్టింపు తక్కువ, అటు చూడండి. ఎవరికీ ఏమీ కాకపోతే అది కూడా ప్రకటనలో రాయండి, అడగడానికి మొహమాటపడేవాళ్లు చాలామంది. మరో సంగతి, మూఢంలో, ఆషాఢంలో మనవాళ్లు బేరం కుదిరినా డెలివరీ తీసుకోరు. ‘మంచిరోజు చూసుకుని వస్తాం’ అంటే అడ్వాన్స్ తీసుకుని తేదీ రాయించుకోండి.

## కాగితాలు

బండి ఆంధ్ర నంబరు, నేనుండేది బరంపురం, కొనేది ఒడిశా అతను. ఏ ఆఫీసుకి వెళ్లాలి?

మొదలు ఆంధ్రలో, చివర ఒడిశాలో. బండి రిజిస్టరైన ఆర్‌టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీయాలి. పెండింగ్ చలాన్లు, లోను, పోలీసు కేసు ఉంటే అక్కడే ఆగుతుంది. సరిహద్దులో ఉండే మనకు చలాన్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉంటాయి, రెండు చోట్లా చూసుకోండి. వేరే రాష్ట్రానికి అమ్మితే 45 రోజుల్లో ఆ ఎన్‌ఓసీ కొనేవాడి ఆర్‌టీఓకి అందేలా చూడటం అమ్మినవాడి పని. 30 రోజుల్లో పేరు మార్పుకు పెట్టుకోవడం కొన్నవాడి పని. అతను గంజాం అయితే ఓడీ-07, కోరాపుట్ అయితే ఓడీ-10, రాయగడ ఓడీ-18, గజపతి ఓడీ-20. అక్కడ మళ్లీ లైఫ్ టాక్స్ కట్టాలి. ఆంధ్రలో కట్టిన దాంట్లో మిగిలిన కాలానికి వాపసు కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఓపిక కావాలి. ఈ టాక్స్ ఎవరు భరిస్తారో బేరం రోజే తేల్చుకోండి. చాలా బేరాలు ధర దగ్గర కాదు, ఇక్కడ విరుగుతాయి. అక్కడి ఇన్‌స్పెక్టర్ బండిని చూస్తాడు కాబట్టి మోడ్లు, విరిగిన నంబరు ప్లేటు ఉంటే ముందే సరిచేసుకోవాలి.

డబ్బు మొత్తం ఇచ్చేసి, ఖాళీ ఫారం 29, 30 (పేరు మార్పు ఫారాలు) మీద సంతకం పెట్టమంటున్నారు. పెట్టనా?

పెట్టకండి. మన సరిహద్దులో ఎక్కువ మంది మునిగేది ఈ ‘ఓపెన్ కాగితాల’ దగ్గరే. కొన్నవాడు పేరు మార్చుకోడు, ఇంకొకడికి అమ్ముతాడు, వాడు ఛత్తీస్‌గఢ్‌లో మరొకడికి. 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన ఒక కేసులో బండి ఇలాగే చేతులు మారుతూ పోయింది. ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత ఆర్‌సీలో పేరున్న మొదటి యజమాని మీదే పడింది. చట్టం దృష్టిలో ఆర్‌సీలో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని. దెబ్బ తిన్న మోడిఫైడ్ బండికి ఈ భయం రెట్టింపు. దాన్ని సగం సగం బాగుచేసి రోడ్డెక్కిస్తే అది మీ పేరు మీద తిరుగుతుంది.

కొనేది కన్సల్టెన్సీ అయితే, ఆర్‌టీఓ దగ్గర నమోదైన డీలరేనా అని అడగండి. 2023 ఏప్రిల్ నుంచి అలాంటి డీలరుకు బండి అప్పగిస్తే ఫారం 29సి ద్వారా ఆన్‌లైన్‌లో తెలియజేసే పద్ధతి వచ్చింది. అక్కడి నుంచి బాధ్యత డీలరుది. నమోదు కాలేదంటే, కొనేవాడి పేరు, చిరునామా, తేదీ నింపిన ఫారాల మీదే సంతకం పెట్టి, ప్రతి పేజీ ఫోటో తీసుకోండి.

బ్యాంకు లోను ఇంకా ఉంది

క్లోజ్ చేసి, బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకుని ఆర్‌సీలో హైపోథికేషన్ (బ్యాంకు తాకట్టు) తీయించాకే బేరం. కొనేవాడి డబ్బుతో క్లోజ్ చేయాలంటే ఆ డబ్బు నేరుగా లోను ఖాతాలో వేయించండి.

అగ్రిమెంటులో ఏం రాయించాలి? ఏ భాషలో?

మీ ఇద్దరికీ చదవడం వచ్చిన భాషలో. పర్లాకిమిడిలో నాకు తెలిసిన ఒకాయన ఒడియాలో రాసిన స్టాంపు పేపరు మీద చదవకుండా సంతకం పెట్టారు. అందులో ‘ఇంజిన్‌కు ఆరు నెలల హామీ’ అని ఉంది. ఇంటికెళ్లాక వాళ్ల అబ్బాయి చదివి చెప్పాడు. బండి నంబరు, చాసిస్, ఇంజిన్ నంబర్లు, ధర, ఎలా చెల్లించారు, అప్పగించిన తేదీతో పాటు గంట కూడా రాయండి. ఆ గంట తర్వాత జరిగే చలాను, ప్రమాదం ఎవరివన్నది అదే చెబుతుంది. యాక్సిడెంట్ వివరాలు, తీసిన మోడ్లు, ఉంచిన మోడ్లు, పనిచేయనివి ఒక పేజీలో రాసి కొనేవాడి సంతకం ఆ పేజీ మీద కూడా తీసుకోండి. ‘ఉన్నదున్నట్టు అమ్మాను’ అన్న మాట ఒక్కటే మిమ్మల్ని కాపాడదు. తెలిసి దాచిన లోపం కాంట్రాక్టు చట్టం ప్రకారం మోసం కిందికే వస్తుంది.

మొత్తం నగదు ఇస్తానంటున్నాడు

ఒకే లావాదేవీలో రెండు లక్షలు, అంతకు మించి నగదు తీసుకుంటే ఆదాయపు పన్ను చట్టం ప్రకారం తీసుకున్న మొత్తం అంతా జరిమానాగా పడొచ్చు. బ్యాంకు ద్వారా తీసుకోండి. సొంతానికి వాడుకున్న కారును మీరు అమ్మితే జీఎస్టీ ఉండదు. 18 శాతం జీఎస్టీ అన్నది పాత కార్ల వ్యాపారం చేసే రిజిస్టర్డ్ డీలరుకు, అదీ అతని మార్జిన్ మీద.

## అమ్మాక

మూడు వారాలకే గేర్‌బాక్సు పోయిందట, డబ్బు వెనక్కి ఇమ్మంటున్నాడు

మీరు రాసిచ్చిన పేజీలో గేర్‌బాక్సు సంగతి ఉందా? ఉంటే మర్యాదగా ఆ పేజీ ఫోటో పంపి ఆగండి. ఫోనులో వాదించకండి, రాతలోనే మాట్లాడండి. లేకపోతే, మీకు నిజంగా తెలియదా అన్నది మిమ్మల్ని మీరే అడిగి చూడండి. తెలిసీ చెప్పలేదంటే లాయరుకి ఇచ్చే ఫీజులో సగం అతని రిపేరుకి ఇచ్చి రాజీపడటం చవక.

పాలసీ, ఎన్‌సీబీ, ఫాస్టాగ్ ఏం చేయాలి?

పాలసీ బండితో వెళ్తుంది, నో క్లెయిమ్ బోనస్ మనిషితో ఉంటుంది. 14 రోజుల్లో కొన్నవాడు తన పేరు మీదికి మార్పించుకోవాలి, లేకపోతే అతని బండికి జరిగే నష్టానికి డబ్బు రావడం కష్టం. మీకు బోనస్ మిగిలి ఉంటే కంపెనీ నుంచి లెటరు తీసుకోండి, మూడేళ్లలోపు కొనే కొత్త కారుకి వాడుకోవచ్చు. ఈ ప్రమాదానికి క్లెయిమ్ తీసుకున్నవాళ్లకు ఆ బోనస్ పోయినట్టే. ఫాస్టాగ్ బ్యాంకులో మూయించి, అద్దం మీద స్టిక్కరు గీకి తీసేయండి. వదిలేస్తే కొన్నవాడు ఎన్‌హెచ్-16 మీద తిరిగే ప్రతి టోలు మీ ఖాతాలోంచి పోతుంది.

ఎవరూ కొనడం లేదు. ఇంటి ముందు తుప్పు పడుతోంది

మీ ఆశ తగ్గించుకుని ధర ఇంకోసారి తగ్గించి చూడండి. అదీ కాకపోతే పార్టులన్నీ విప్పి అమ్మి, మిగిలిన బాడీని ప్రభుత్వం నమోదు చేసిన స్క్రాపింగ్ కేంద్రానికి ఇవ్వండి. కనిపించిన తుక్కు కొట్టుకి ఇవ్వొద్దు. కేంద్రం డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తుంది. దానితో కొత్త సొంత కారు రోడ్ టాక్స్‌లో 25 శాతం వరకు రాయితీ ఇవ్వడానికి వీలుంది. చాసిస్ నంబరు ఉన్న ముక్క కోసి ఆర్‌టీఓలో చూపించాల్సి రావొచ్చు, బాడీ ఇచ్చేముందు దాని గురించి అడగండి. నా పోలోలో అమ్ముడుపోని వెనక తలుపు ఒకటి ఇప్పటికీ మా మేడ మీద ఉంది. ఎవరికైనా కావాలంటే ఎరుపు రంగు, ఎడమవైపు, గీత కూడా లేదు.